ఆ వ్యాయామం అలా చేయకూడదు మహాశయా!

సంపాదకుల వారికి,

పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో మూత్రం ఆపుకోలేని వాళ్లకు వ్యాయామాలంటూ వేసిన వ్యాసం చూసి ఊరుకుందామనే అనుకున్నాను. ఎవరో ఒక డాక్టరుగారు రాస్తారు, మీరు సవరణ వేస్తారు, సరిపోతుందిలే అనుకున్నాను. సవరణ రాలేదు సరికదా, నిన్న అదే వ్యాసాన్ని నాలుగు ముక్కలు చేసి 'చిట్కాలు' అని మళ్లీ అచ్చేశారు. ఇక రాయక తప్పడం లేదు.

ముందు ఆ ఫోటో సంగతి. పాతికేళ్లు కూడా నిండని అమ్మాయి చాప మీద తలకిందులుగా నిలబడి నవ్వుతోంది. ఆ ఆసనానికీ మూత్రాన్ని ఆపే కండరాలకీ సంబంధమేమిటో వేసినవారికే తెలియాలి. ఈ వ్యాయామానికి చాప అక్కర్లేదు, తలకిందులు కావడం అంతకన్నా అక్కర్లేదు. కుర్చీలో కూర్చుని, పక్కవాళ్లకు తెలియకుండా చేసుకోవచ్చు. దీనిలో ఉన్న సుఖమే అది.

ఫోటో పోనీయండి, అసలు తప్పు లోపల ఉంది. మూత్రం వెళ్లేటప్పుడు మధ్యలో ఆపి, వదిలి, మళ్లీ ఆపి, ఇలా రోజూ సాధన చేయమని రాశారు. ఏ కండరం బిగించాలో గుర్తుపట్టడానికి ఎప్పుడో ఒకసారి అలా ఆపి చూడటం వేరు, రోజూ అదే పనిగా పెట్టుకోవడం వేరు. మూత్రాశయం ముడుచుకునేటప్పుడు కింది కండరాలు వదులు కావాలి. రోజూ మధ్యలో అడ్డు తగులుతుంటే మూత్రం పూర్తిగా ఖాళీ కాదు, మిగిలిపోయింది ఇన్ఫెక్షన్‌కి దారి తీయొచ్చు. జబ్బు తగ్గించుకుందామని పేపరు చూసి మొదలుపెట్టినవాళ్లు కొత్త జబ్బు తెచ్చుకుంటే ఎవరు జవాబుదారీ?

ఈ పెల్విక్ ఫ్లోర్ కండరాలు ముందు వైపు పొత్తికడుపు కింద ఉండే జఘనాస్థి అనే ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా నులక మంచం అల్లినట్టు పరుచుకుని, మూత్రాశయాన్నీ పేగు చివరి భాగాన్నీ, ఆడవాళ్లలో గర్భసంచినీ కింది నుంచి మోస్తాయి. కాన్పులు, ముట్లుడిగిన వయసు, ఒళ్లు పెరగడం, మానని దగ్గు, ఏళ్ల తరబడి మలబద్ధకంతో ముక్కడం, ఇవన్నీ ఆ అల్లికను వదులు చేస్తాయి. బిగించుకోవడానికి దారి ఉందని అమెరికా గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కెగెల్ 1948లోనే రాశాడు. పాత ముచ్చటే అనుకోకండి. 2018లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే, దగ్గినా తుమ్మినా మూత్రం కారే ఆడవాళ్లలో ఈ వ్యాయామం చేసినవారిలో నూటికి 56 మంది నయమైందన్నారు, చేయనివారిలో ఆరుగురే అన్నారు. ఇంత మంచి కబురు మీ వ్యాసంలో ఒక్క వాక్యానికి నోచుకోలేదు. '15 రోజుల్లో ఫలితం' మాత్రం లావు అక్షరాల్లో వేశారు! కనీసం మూడు నెలలు పట్టుబట్టి చేయాలి స్వామీ. పదిహేను రోజులకే ఏమీ కాలేదని మానేసేవాళ్ల పాపం మీ లావు అక్షరాలదే.

ఇక 'మహిళలకు ప్రత్యేకం' అన్న ఆ శీర్షిక. మగవాళ్లకు ఆ కండరాలు లేవా? మావారికి ప్రోస్టేట్ ఆపరేషన్ అయ్యాక మూత్రం కారడం మొదలైంది. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు చేతిలో పెట్టిన కాగితంలో మాత్రల పేర్లు రెండు వైపులా ఉన్నాయి కానీ వ్యాయామం ఊసే లేదు. కొన్ని చోట్ల ఆపరేషన్‌కి ముందే నేర్పి పంపుతారట. చివరికి ఒక ఫిజియోథెరపిస్టు నేర్పింది. గ్యాసు బయటికి పోకుండా బిగబట్టినట్టు బిగించి, లోపలికి పైకి లాగమంది. మావారు బుగ్గలు పూరించి, కనుబొమలు పైకెత్తి, పిరుదులు బిగించి, ఊపిరి బంధించి కూర్చున్నారు. ఆవిడ నవ్వకుండా, "పైకి వినబడేలా అంకెలు లెక్కపెట్టండి సార్" అంది. లెక్కపెడుతూ ఊపిరి బిగబట్టడం ఎవరి తరమూ కాదు కదా! పొట్ట, తొడలు, పిరుదులు కదలకూడదు. చేతనైతే పది సెకన్లు, కాకపోతే మూడు, ఆ తర్వాత అంతసేపూ పూర్తిగా వదిలేయాలి. అలా ఎనిమిది నుంచి పదిసార్లు, రోజుకు మూడు పూటలు. వదలడం కూడా వ్యాయామమేనని ఆవిడ పదే పదే చెప్పింది. మీ చిట్కాల్లో ఆ మాటే లేదు.

తుమ్ము వస్తోందని తెలియగానే ముందే బిగిస్తే చాలా మందికి అక్కడికక్కడే ఆగుతుంది. ఉన్నట్టుండి తొందర పుట్టేవాళ్లు పరుగెత్తకుండా నిలబడి నాలుగైదుసార్లు చకచకా బిగించి వదిలితే ఆ తొందర సాధారణంగా కాస్త తగ్గుతుంది, అప్పుడు నడిచి వెళ్లొచ్చు. అయితే ఆ భాగంలో నొప్పి ఉన్నవాళ్లు, ధార సరిగా రానివాళ్లు సొంతంగా మొదలుపెట్టకూడదు. కొందరికి ఆ కండరాలు ముందే అతిగా బిగుసుకుని ఉంటాయి, ఇంకా బిగిస్తే ఇబ్బంది పెరుగుతుంది. మూత్రంలో రక్తం కనబడితే వ్యాయామం మాట పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పోనీ మీకు తెలియదు, తెలిసినవాళ్లయినా చెబుతున్నారా? కాన్పయిన ఇంటికి ఆరోగ్య సిబ్బంది వస్తారు, బిడ్డ బరువు రాసుకుంటారు, టీకా తేదీ చెబుతారు, వెళ్లిపోతారు. తల్లి దగ్గితే ఏమవుతోందని అడగడానికి వాళ్ల ఫారంలో గడి ఉండదు. గడి లేనిది జబ్బే కాదు మన అధికారులకు. ఆఫీసుల్లో మరుగుదొడ్డికి తాళం, ఆ తాళంచెవి ఎవరి దగ్గరో ఎవరికీ తెలియదు. అందుకని ఆడవాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగరు. చిక్కబడిన మూత్రం మూత్రాశయాన్ని ఇంకా చికాకు పెడుతుందని చెప్పేవారు లేరు. పైగా 'నీళ్లు తగ్గించండి' అని మీరు ఉచిత సలహా ఒకటి! తగ్గించాల్సింది కాఫీ, టీలు. అది రాయడానికి చోటు చాలలేదేమో, కింద పావు పేజీ పెద్దల డైపర్ల ప్రకటన ఉంది మరి. వ్యాసం సరిగా ఉండి, చదివినవాళ్లు బాగుపడితే ఆ ప్రకటన ఎవరి కోసమని నేను అడగను, మీ ఇబ్బందులు మీకుంటాయి.

నేను కోరేది రెండే. మూత్రం మధ్యలో ఆపే సాధన రోజూ చేయవద్దని అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో సవరణ వేయండి, లోపలి పేజీ మూలన చీమతలకాయంత అక్షరాల్లో కాదు. ఆ పక్కన ఫోటో వేయాలనిపిస్తే ఈసారి కుర్చీలో తిన్నగా కూర్చున్న అరవై దాటిన మగాయన్ని వేయండి.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు