ఆత్మలు గీయించాయన్నారని ఆ బొమ్మల్ని పక్కన పెట్టేస్తామా?

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను డ్రాయింగ్ టీచర్ని. ఆబ్‌స్ట్రాక్ట్ ఆర్ట్, అంటే మనిషీ చెట్టూ లాంటి రూపాలేవీ లేకుండా ఒట్టి గీతలతో, రంగులతో వేసే బొమ్మలు, ఎవరు మొదలుపెట్టారు అంటే మనం చదువుకున్న పుస్తకాల్లో, గైడ్లలో ఒకటే జవాబు, రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ, 1910 ప్రాంతం అని. ఇది ఇకనైనా మారాలి సార్, అందుకే ఈ ఉత్తరం.

లండన్‌లో జార్జియానా హౌటన్ అని ఒకావిడ ఉండేవారు, 1814లో పుట్టారు. ఆత్మలతో మాట్లాడే సభలకి వెళ్ళడం మొదలుపెట్టి 1861 నుంచి వాటర్‌కలర్స్‌తో బొమ్మలు వేశారు, తన చేతిని నడిపించేది ఆత్మలేనని, వాటిలో టిషియన్ లాంటి పాతకాలం మహా చిత్రకారులు కూడా ఉన్నారని నమ్మారు. చాలా బొమ్మల్లో మనిషీ ఉండడు, చెట్టూ ఉండదు, సన్నటి గీతలు సుడులు తిరుగుతూ ఒక పొర మీద ఇంకో పొర, లోపల ఎక్కడో ఇంకో రంగు, ఎంతసేపు చూసినా చూపు ఒకచోట నిలబడదు. ఏ రంగుకి ఏం అర్థమో వెనకవైపు ఓపిగ్గా రాసిపెట్టేవారు. 1871లో సొంత ఖర్చుతో ఓల్డ్ బాండ్ స్ట్రీట్‌లో గ్యాలరీ అద్దెకి తీసుకుని 155 బొమ్మలు పెట్టారు, దాదాపు ఏవీ అమ్ముడుపోలేదు, ఆవిడ చేతిలో డబ్బంతా పోయినంత పనైంది, అప్పటి ఒక పేపరైతే రంగు ఊలు దారాల చిక్కులా ఉన్నాయని రాసింది. మిగిలిన వాటిలో ఎక్కువ భాగం మెల్‌బోర్న్‌లో ఆత్మవాదుల సంఘం దగ్గరే ఉండిపోయాయి. లండన్‌లో కోర్టాల్డ్ గ్యాలరీ వాటిని మళ్ళీ జనానికి చూపించింది 2016లో!

స్వీడన్‌లో హిల్మా ఆఫ్ క్లింట్ అనే చిత్రకారిణిదీ ఇదే కథ, ఆవిడా ఆత్మలే వేయమన్నాయని నమ్మారు. 1906 నుంచి 1915 మధ్య తను మనసులో ఊహించుకున్న ఒక గుడి కోసమని 193 బొమ్మలు వేశారు, కొన్ని మూడు మీటర్ల పైన ఎత్తు. 2012లో న్యూయార్క్‌లో మోమా మ్యూజియం ఆబ్‌స్ట్రాక్ట్ ఆర్ట్ పుట్టుక మీద పెద్ద ఎగ్జిబిషన్ పెట్టి అందులో ఆవిడకి చోటివ్వలేదు. మరి కాండిన్‌స్కీ కూడా కంటికి కనపడని లోకాల గురించి చెప్పే దివ్యజ్ఞాన సమాజం పుస్తకాలు చదివినవాడే కదా, ఆబ్‌స్ట్రాక్ట్ ఆర్ట్‌లో ఇంకో పెద్ద పేరు, డచ్ చిత్రకారుడు మోండ్రియన్ 1909లో ఆ సమాజంలో మెంబర్‌గా చేరినవాడే కదా? మన మదనపల్లెలో కాలేజీ పెట్టిన అనీబిసెంట్ గారి సమాజమే అది. వాళ్ళు నమ్మితే తత్వం, ఈ ఆడవాళ్ళు నమ్మితే పిచ్చి అనడం ఎంత అన్యాయం.

నేను ఆత్మల్ని నమ్మను, నమ్మమని ఎవరికీ చెప్పను. కానీ పలికించేది రామభద్రుడని పోతన గారు చెప్పుకుంటే మనం ఆయన్ని సాహిత్య చరిత్రలోంచి తీసేయలేదు కదా, పద్యం చదివి దండం పెట్టాం. బొమ్మకి మాత్రం ఆ మర్యాద ఎందుకు ఉండకూడదు?

హిల్మాకి ఈమధ్య పేరొచ్చింది, 2018-19లో న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో ఆవిడ బొమ్మల్ని ఆరు లక్షల మందికి పైగా చూశారు. మిగతావాళ్ళ సంగతే నా బాధ. మాడ్జ్ గిల్ అని లండన్‌లోనే ఇంకో ఆవిడ, అనాథాశ్రమంలో పెరిగి, చిన్న వయసులోనే కెనడాకి పంపబడి, తిరిగొచ్చి, బిడ్డల్ని పోగొట్టుకుని, ఒక కన్ను పోయాక కూడా పొడవాటి గుడ్డల నిండా ఇంకుతో ఆడవాళ్ళ ముఖాలు గీస్తూనే ఉన్నారు, గీయించేది మిర్నినెరెస్ట్ అనే ఆత్మ అనేవారు, ఆ ఆత్మ సొత్తని చెప్పి అమ్మడానికి కూడా ఇష్టపడలేదు. ఫ్రాన్స్‌లో అగస్టిన్ లెసాజ్ బొగ్గు గని కార్మికుడు, 1911లో గనిలో పనిచేస్తుంటే నువ్వు చిత్రకారుడివి అవుతావని గొంతు వినిపించిందట, ఏ ఆర్ట్ స్కూల్‌కీ వెళ్ళని ఆ మనిషి వేసిన మొదటి కాన్వాసే మూడు మీటర్లు ఇంటూ మూడు మీటర్లు!

మీ ఆదివారం అనుబంధంలో వీళ్ళ మీద వరసగా వ్యాసాలు వేయండి సార్, దయ్యాల కథల పేజీలో కాదు, ఆర్ట్ పేజీలో, బొమ్మలు కలర్‌లో పెద్దగా వేసి. సిలబస్ రాసేవాళ్ళు కూడా కాండిన్‌స్కీ కంటే ముందు హౌటన్ పేరు, 1871 అనే సంవత్సరం చేర్చాలి. మా పిల్లలకి చూపిద్దామంటే తెలుగులో నాకు ఏమీ దొరకడం లేదు.

— ఒక డ్రాయింగ్ టీచర్, తెనాలి