నెట్ వేగాన్ని సాయంత్రం పూట, మండలాలవారీగా కొలవాలి

సంపాదకులకు నమస్కారం.

మొబైల్ కంపెనీలు ప్రకటించుకునే వేగానికీ, రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో ఫోను చేతపట్టుకున్నవారికి అందే వేగానికీ పొంతన లేదన్న ఫిర్యాదు అనంతపురం జిల్లాలో తరచూ వినిపిస్తుంది. కంపెనీలు అబద్ధమాడుతున్నాయని చాలామంది అంటారు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ బోధించిన నాకు అలా అనిపించదు. ఆ అంకె నిజమే కావచ్చు గానీ, దాన్ని కొలిచిన చోటు మన ఊరు కాదు, కొలిచిన వేళ మనం నెట్ వాడుకునే వేళ కాదు.

సేవల నాణ్యతపై టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇచ్చే నివేదికలు లైసెన్సు సర్కిళ్లవారీగా, అంటే కంపెనీలకు అనుమతులిచ్చే పెద్ద ప్రాంతాలవారీగా ఉంటాయి. రాష్ట్రం 2014లోనే విడిపోయినా, టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నేటికీ ఒకే సర్కిల్. హైదరాబాదులో వీధివీధికీ ఉన్న టవర్లు, మన జిల్లాలోని బెళుగుప్ప పొలాల మధ్య ఎడమెడంగా ఉన్న టవర్లు కలిసి ఒకే సగటులో ఇమిడిపోయాక, ఆ సగటును చూసి బెళుగుప్పవాళ్లు తెలుసుకునేది ఏముంటుంది? 2024 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన నిబంధనల మేరకు కంపెనీలు తమ సేవలు అందే ప్రాంతాల పటాలను వెబ్‌సైట్లలో పెట్టవలసి ఉంది. ఇది మంచి మార్పే. అయితే ఆ పటంలోని రంగు సిగ్నల్ అందుతుందని మాత్రమే చెబుతుంది, వేగం సంగతి చెప్పదు.

సిగ్నల్ బలం, వేగం రెండూ ఒకటేనన్న అపోహ చదువుకున్నవారిలోనూ ఉంది. ఫోను మీద కనిపించే గీతలకు అన్ని కంపెనీలూ పాటించే ఉమ్మడి కొలమానం లేదు, ఏ బలానికి ఎన్ని గీతలు చూపాలో ఫోను తయారీదారే నిర్ణయించుకుంటాడు. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటిలో సెట్టింగుల్లో సిమ్ వివరాల దగ్గర సిగ్నల్ బలం అసలు అంకె, దాన్ని కొలిచే డీబీఎం అనే ప్రమాణంలో కనిపిస్తుంది. 4జీలో అది మైనస్ 85 దగ్గర ఉంటే సిగ్నల్ బాగున్నట్టు, మైనస్ 110 కన్నా కిందికి దిగితే నీరసించినట్టు. ఈ అంకె పది తగ్గిందంటే అందే శక్తి పదోవంతుకు పడిపోయినట్టే. ఇంత చూసుకున్నా, గీతలన్నీ నిండుగా ఉండి కూడా రాత్రి ఎనిమిదింటికి నెట్ తిరుగుతూనే ఉండవచ్చు. ఒక టవరు సామర్థ్యాన్ని దాని పరిధిలో ఆ సమయంలో నెట్ వాడుతున్నవారందరూ పంచుకోవాలి. ఒకే బోరు నీటిని ఎన్ని మళ్లకు మళ్లిస్తే ఒక్కో మడికి పారేది అంత తగ్గుతుంది కదా. అందుకే మధ్యాహ్నం కొలిచిన అంకెను చూసి రాత్రి వేగాన్ని అంచనా కట్టలేము.

కొలిచే యాప్‌లకూ పరిమితులున్నాయి. అవి సాధారణంగా దగ్గర్లోని సర్వరును ఎంచుకుని, ఒకేసారి పలు కనెక్షన్లు తెరిచి, కొద్ది సెకన్లలో వీలైనంత డేటాను లాగుతాయి. రేషన్ దుకాణంలో వేలిముద్ర, కిరాణా కొట్లో యూపీఐ చెల్లింపు వంటి పనులకు కావలసిన డేటా బహు స్వల్పం. అక్కడ ముఖ్యం సమాచారం వెళ్లి రావడానికి పట్టే సమయం, మధ్యలో జారిపోయే ప్యాకెట్ల, అంటే డేటా ముక్కల, శాతం. డౌన్‌లోడ్ 40 ఎంబీపీఎస్ (సెకనుకు 40 మెగాబిట్లు) చూపిస్తూనే చెల్లింపు ఆగిపోవడం ఇందువల్లే సాధ్యం. ఇక ఇంట్లో వైఫై మీద పరీక్షిస్తే రాతిగోడల పాత మిద్దెల్లో గోడ అడ్డంకి కూడా ఆ అంకెలో కలిసిపోతుంది. దానికి టవరును నిందించి లాభం లేదు.

బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీస డౌన్‌లోడ్ వేగం 2 ఎంబీపీఎస్ ఉండాలని కేంద్రం 2023లో నిర్ణయించింది. ఉదయం 60, రాత్రి 1 వచ్చే ఊరికి సగటు 30 దాటుతుంది, కాగితం మీద అంతా సవ్యంగానే ఉంటుంది. కాబట్టి సగటుతోపాటు సాయంత్రం ఆరు నుంచి పది వరకు వచ్చే మధ్యస్థ వేగాన్ని (కొలతలన్నీ వరుసలో పెడితే సరిగ్గా నడుమ నిలిచేదాన్ని), ఆ కనీసానికి దిగువన నమోదైన కొలతల శాతాన్ని మండలాలవారీగా ప్రకటించాలని ట్రాయ్‌ను కోరుతున్నాను. వాహనాల్లో తిరుగుతూ చేసే డ్రైవ్ టెస్టులు నగరాలు, జాతీయ రహదారులతో ఆగకుండా, ఉరవకొండ, రాయదుర్గం మధ్య గ్రామీణ రోడ్లకూ రావాలి.

ట్రాయ్ 2016లో తెచ్చిన మైస్పీడ్ యాప్ ద్వారా పాఠకులు కూడా తమ కొలతలను నేరుగా ఆ సంస్థకు పంపవచ్చు. వైఫై ఆపేసి, ఆరుబయట ఒకసారి, ఇంట్లో ఒకసారి, అదీ రాత్రి వేళ పరీక్షిస్తే ఆ కొలతకు విలువ ఉంటుంది. ఊరు, వేళ, ఫోను 4జీలో ఉందా 5జీలో ఉందా అన్న వివరాలతో పాఠకులు పంపే కొలతలకు మీ జిల్లా పేజీలో కొంత చోటు కేటాయించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
అనంతపురం.