వార్తాలేఖ, జూన్ 2025: సెలవుల్లో టీచర్లు ఏం చేశారంటే

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం. ఈసారి ఉత్తరం కొంచెం పొడుగు. మీటింగు తేదీ, పుస్తకాలు, యూనిఫాం సంగతులు చివర్లో రాశాను. తొందరున్నవాళ్ళు ముందు అవి చూసుకుని మిగతాది తీరిగ్గా చదువుకోండి.

జూన్ 12న బడి తెరిచిన దగ్గర్నుంచి ఆఫీసు గదికి వచ్చినవాళ్ళు ఎక్కువగా రెండు మాటలే అన్నారు. "ఎండకాలం సెలవులల్ల మీకేం పని ఉంటది మేడమ్, హాయిగ ఉంటరు" అనేది ఒకటి. "మావోడు చెప్తే వినడు, రెండు తగిలియ్యండి, మేమేమనుకోం" అనేది రెండోది. మొదటిదానికి నవ్వి ఊరుకోవచ్చు. రెండోదానికి ఊరుకోలేను. ఎండాకాలం ఏం చేశామో చెప్తే రెండోదానికి జవాబు కూడా అందులోనే వస్తుంది కాబట్టి కలిపే రాస్తున్నాను.

సెలవులు ఏప్రిల్ 24న మొదలయ్యాయి. అంతకుముందే మా హైస్కూలు టీచర్లు పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్ళొచ్చారు. ఏప్రిల్ 30న ఫలితాలు, ఆ తర్వాత టీసీలు, మెమోలు, బోనఫైడ్‌లు. ఇది ప్రతి బడిలోనూ ఉండే పనే, దీని గురించి చెప్పేదేం లేదు.

లైబ్రరీ పని మాత్రం చెప్పాలి. మే నెలలో బీరువాలు తెరిచి చిరిగిన పుస్తకాలన్నీ వరండాలో పరిచాం. మా దగ్గర పుస్తకం ఊడితే పారెయ్యం. కొత్తవి కొనే స్తోమత తక్కువ, అందులో దాపరికం ఏముంది? మైదాను నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నటి సెగ మీద గరిటె ఆపకుండా తిప్పుతూ ఉడికించాలి. తెల్లదనం పోయి, గరిటెకు పట్టుకునేంత చిక్కబడ్డాక దించేసి చిటికెడు మైలుతుత్తం కలుపుతాం. అది లేకపోతే వానాకాలంలో పురుగులు ముందు ఆ మైదానే తింటాయి, తర్వాత పేజీలు తింటాయి. మైలుతుత్తం విషం కాబట్టి ఆ గిన్నె దగ్గరికి పిల్లల్ని రానివ్వం, ఆ గిన్నెను మళ్ళీ వంటింట్లోకి తేం. పాత కుట్టు విప్పి, పేజీల వరస చూసుకుని, దబ్బనంతో పాత రంధ్రాల్లోంచే దారం లాగి, వెనకాల గుడ్డ పట్టీ అంటించి, రాత్రంతా బరువు కింద పెడితే పొద్దుటికి పుస్తకం నిలబడుతుంది. బరువుకి మా ఇంటి సన్నికల్లే తెచ్చాను. తెలుగు నిఘంటువులో 'క' ఉన్న పేజీలు పిల్లల వేళ్ళకు నల్లబడి అంచులు అరిగిపోయాయి, 'హ' దగ్గర కొత్త పుస్తకంలా ఉంది. దాన్నిబట్టి మన పిల్లలు నిఘంటువును ఎక్కడిదాకా తిప్పుతున్నారో మీకే అర్థమవుతుంది.

మధ్యాహ్నాలు ఇంట్లో మా అత్తమ్మ పక్కన కూర్చుని బొంత కుట్టాను. ఆవిడకి సెలవులంటే బొంతల కాలం. పాత చీరలు పొరలు పొరలుగా వేసి, చుట్టూ టాకా వేసి, అక్కడి నుంచి లోపలికి వరస కుట్టుకుంటూ పోతుంది. నా కుట్టు వంకర పోతే ఏమీ అనదు, నేను వంటింట్లోకి వెళ్ళినప్పుడు విప్పేసి మళ్ళీ కుడుతుంది. చర్చిలో పెద్దావిడలు కొందరు ఇలాగే కుట్టి, ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకు ఇస్తారు. పెన్సిల్వేనియాలోనూ కెనడాలోనూ మా వాళ్ళ ఆడవాళ్ళు ఇదే పని చేస్తారు. అక్కడ మాత్రం వాటిని వేలం పాడి, వచ్చిన డబ్బు కరువుల్లో, యుద్ధాల్లో నష్టపోయినవాళ్ళకు పంపుతారు. ఆ సాయం పంపే మెన్నొనైట్ సెంట్రల్ కమిటీ 1920లో పుట్టింది, అప్పట్లో దక్షిణ రష్యాలో కరువులో చిక్కుకున్నవాళ్ళ కోసం.

"మా వాళ్ళు" అన్నాను కదా, కొత్తగా చేరిన పిల్లల తల్లిదండ్రుల కోసం నాలుగు మాటలు. నేను మెన్నొనైట్ బ్రెదరెన్ చర్చి మనిషిని. పాలమూరులో ఎం.బి. చర్చి అంటే ఎవరైనా దారి చూపిస్తారు. 1525లో స్విట్జర్లాండ్‌లోని జూరిక్‌లో కొందరు, బాప్తిస్మం పసిపిల్లలకు కాదు, ఊహ తెలిసి తనంతట తాను అడిగినవాళ్ళకే ఇవ్వాలన్నారు. కత్తి పట్టం, ఒట్టు వెయ్యం అన్నవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. అందుకు తన్నులు తిన్నారు, నీళ్ళలో ముంచి చంపించుకున్నారు. తర్వాత 1536లో మతగురువు పదవి వదిలేసి వాళ్ళతో కలిసిన మెన్నో సైమన్స్ పేరుమీద మెన్నొనైట్లన్నారు. 1889లో రష్యా నుంచి బయల్దేరిన అబ్రహాం, మరియా ఫ్రీసెన్ దంపతులు నల్గొండ చేరారు. 1899లో అమెరికా నుంచి మరికొందరు వచ్చారు. వాళ్ళ వెంట బోర్డింగ్ బడులూ ఆస్పత్రులూ వచ్చాయి. మా అమ్మమ్మ అలాంటి ఒక బోర్డింగ్‌లోనే అక్షరాలు దిద్దింది. ఈ మే 29న జూరిక్‌లో అయిదు వందల ఏళ్ళ పండుగ జరిగింది. మేం ఇక్కడ ఫోన్లో ఫోటోలు చూసుకున్నాం.

ఒక అబ్బాయి మామయ్య అమెరికాలో ఉంటారు. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ వైపు తిరగడానికి వెళ్ళి, నల్ల గుర్రపు బండి ఫోటో పంపించారట. "మేడమ్, మీవాళ్ళు కార్లు ఎక్కరంట గద, మీరు స్కూటీ ఎట్ల నడుపుతున్నరు?" అని వాళ్ళమ్మగారు అనుమానంగానే అడిగారు. గుర్రపు బండ్లలో తిరిగేది పాతకాలపు పద్ధతి వదలని మెన్నొనైట్లు, మాకు దగ్గరి శాఖవాళ్ళైన ఆమిష్‌లు. అందరూ అలా ఉండరు. నా స్కూటీకి చర్చి అనుమతి ఉంది, పెట్రోలుకే లేదు.

అయినా ఆ గుర్రపు బండ్ల వాళ్ళ బడులు నాకు భలే ఇష్టం. ఒకే గది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతిదాకా అందరూ అందులోనే. టీచరు సాధారణంగా పెళ్ళికాని అమ్మాయి, తనూ అలాంటి బడిలోనే ఎనిమిదిదాకా చదివి ఉంటుంది. ఎండాకాలం వస్తే ఆ టీచరు తోటలో స్ట్రాబెర్రీలు కోస్తుంది, కూరగాయలూ పళ్ళూ సీసాల్లో పెట్టి చలికాలానికి దాస్తుంది, అన్నదమ్ముల పిల్లల్ని చూసుకుంటుంది. ఎనిమిదితో చదువు ఆపేయడం నాకు మింగుడు పడదు, ముఖ్యంగా ఆడపిల్లలకు. కానీ ఒక్క అలవాటు మాత్రం తెచ్చుకోవాలనిపిస్తుంది: బడి తెరిచే ముందు తల్లిదండ్రులే వచ్చి గది కడిగి, విరిగినవి బాగుచేసి, గడ్డి కోసి వెళ్తారు. దీన్ని ఎందుకు చెప్పానో చివర్లో తెలుస్తుంది.

మే మధ్యలో వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూల్, సెలవుల్లో చర్చి పిల్లలకు నడిపే బైబిల్ బడి) పనిలో పడ్డాం. ఇది చర్చి పని, బడి పని కాదు. మన బడి పిల్లల్ని దీనికి పిలవం, వచ్చారా రాలేదా అని అడగం. చుట్టుపక్కల ఊళ్ళలో చర్చి పిల్లలకు పొద్దుటి పూట పాటలు, కథలు, రంగు కాగితాల పని, చివర్లో బిస్కెట్ ప్యాకెట్. ఎండ ముదరక ముందే ముగించాలని ఏడింటికే మొదలుపెట్టేవాళ్ళం. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు గానీ, ఈ ఏడు మే నెలాఖరుకే రుతుపవనాలు వచ్చేసి మా షామియానా తడిసి ముద్దయింది.

అక్కడ నేను చెప్పిన కథ ఒకటి మీకు రాయాలి. హాలండ్‌లో డిర్క్ విలెమ్స్ అనే ఆయన్ని ఆయన విశ్వాసం కోసమే జైల్లో పెట్టారు. గుడ్డపేలికలు ముడేసి తాడు చేసుకుని కిటికీలోంచి దిగి పారిపోయాడు. చలికాలం. చెరువు గడ్డకట్టి ఉంది. దాని మీదుగా పరుగెత్తాడు. ఇక్కడ కథ ఆగిపోయింది, ఎందుకంటే చెరువు గడ్డకట్టడం మన పిల్లలెవరూ చూడలేదు. వాళ్ళకు తెలిసిన ఐసు గోళా బండి మీదదే. "నీళ్ళన్ని ఐసైతే చేపలేమైతయి టీచర్?" అని ఒక చిన్నపిల్ల అడిగింది. నేను సైన్స్ టీచర్ని. ఇలాంటి ప్రశ్న పడితే కథ పక్కకు పోవాల్సిందే. నీళ్ళు నాలుగు డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువెక్కుతాయని, అవి అడుగుకు దిగుతాయని, అందుకే చెరువు పైనుంచి గడ్డకడుతుందని, కింద చేపలు బతికే ఉంటాయని స్టీలు గ్లాసులో ఐసుముక్క వేసి చూపించాను.

మళ్ళీ కథలోకి వచ్చాం. డిర్క్ జైలు తిండితో బక్కచిక్కి ఉన్నాడు కాబట్టి ఐసు అతన్ని మోసింది. వెంటపడ్డ భటుడు బరువున్నవాడు, ఐసు విరిగి నీళ్ళలో పడ్డాడు. డిర్క్ వెనక్కి తిరిగొచ్చి చెయ్యందించి బయటికి లాగాడు. ఒడ్డునున్న అధికారి అరిచి చెప్తే ఆ భటుడే డిర్క్‌ను పట్టుకోవాల్సి వచ్చింది. 1569 మే 16న డిర్క్‌కు మరణశిక్ష అమలు చేశారు. ఎలా అమలు చేశారో పిల్లలకు చెప్పలేదు, మీకూ చెప్పను.

వెనక వరసలో ఒక అబ్బాయి, "ఆయనేమన్న పిచ్చోడా టీచర్, ఉరికిపోక?" అన్నాడు. ఇంకొకడు, "మరి ఆయన కండ్ల ముంగట మునుగుతుంటే ఎట్ల పోతడురా?" అన్నాడు. వాళ్ళిద్దరూ బిస్కెట్లు పంచేదాకా వాదించుకున్నారు. నేను మధ్యలో తీర్పు చెప్పలేదు. ఆ భటుడికి ఆ రాత్రి నిద్ర పట్టిందా అని ఒకడడిగిన ప్రశ్న మాత్రం నాకు ఇంటిదాకా వచ్చింది.

ఇప్పుడు "రెండు తగిలియ్యండి" దగ్గరికి వస్తాను. ఇలాంటి కథలు వింటూ పెరిగినదాన్ని, బెత్తం పట్టుకోమంటే నా వల్ల కాదు. నా నమ్మకం పక్కన పెట్టినా, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో కొట్టడాన్నీ, మనసు నొప్పించే శిక్షల్నీ నిషేధించింది. చట్టం వచ్చినంత మాత్రాన బెత్తాలు పోలేదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. మా దగ్గర పోయాయి.

దాని బదులు ఏం చేస్తామంటే, కొట్టుకున్న ఇద్దర్నీ వేపచెట్టు కింద ఒకే బెంచీ మీద కూర్చోబెడతాం. ఎవడి గోడు వాడు చెప్పుకోవడం అయ్యాక అసలు పని మొదలవుతుంది. ఇతను అతని తరఫున మాట్లాడాలి: అతనికేం కోపం వచ్చింది, ఎందుకొచ్చింది. అతను విని "అవును, అదే" అనేదాకా చెప్పాలి. తర్వాత అతని వంతు. పక్కన ఒక టీచరు ఉంటారు, మాట అందించరు.

ఇందులో కష్టాలున్నాయి. రెండు దెబ్బలకు అర నిమిషం చాలు. దీనికి పీరియడ్లు పోతాయి. పోయినేడు ఏడో తరగతి అబ్బాయిలిద్దరు క్రికెట్‌లో అవుటా కాదా అని మొదలుపెట్టి చొక్కాలు చింపుకున్నారు. వాళ్ళ పంచాయితీ లంచ్ దాటి లెక్కల క్లాసును కూడా మింగేసింది. ఒకరి నాన్నగారికి కోపం వచ్చింది, "ఫీజు కట్టేది చెట్టు కింద కూసోనీకా?" అన్నారు. ఆయన అడిగిందాంట్లో న్యాయం ఉంది, ఆ లెక్కలు మర్నాడు సాయంత్రం ఆపి చెప్పించాం. ఆ అబ్బాయిలిద్దరూ ఇప్పటికీ స్నేహితులేం కాదు. ఒకే బస్సులో వెళ్తారు, కొట్టుకోరు. నాకది చాలు.

ఇక మీతో ఒక మాట. మేం డైరీలో రాసి పంపిన సంగతికి ఇంట్లో దెబ్బలు పడుతున్నాయని కొందరు పిల్లలు చెప్తున్నారు. ఇలాగే జరిగితే డైరీలో ఉన్నదున్నట్టు రాయడానికి మా టీచర్లు జంకుతారు. "హోంవర్క్ చేయలేదు" అని రాయాల్సినచోట ఏమీ రాయకుండా వదిలేస్తారు. అప్పుడు మీకు బడి సంగతులు తెలియవు, పిల్లవాడికి అబద్ధం అలవాటవుతుంది. డైరీ చూసి కోపం వస్తే ఆ పూటకి సంతకం పెట్టి పంపించేయండి, మర్నాడు నాకు ఫోన్ చేయండి. పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం అయిదు తర్వాత ఫోన్ తీస్తాను. మధ్యలో క్లాసులో ఉంటాను.

ఇప్పుడు ముఖ్యమైన సంగతులు.

మొదటి పేరెంట్స్ మీటింగ్ జూన్ 28 శనివారం పొద్దున పది గంటలకు. అమ్మానాన్నల్లో ఎవరొచ్చినా సరే. కూలికి పోయేవాళ్ళు, పట్నం వలస వెళ్ళినవాళ్ళు ఉంటే తాతయ్యో నానమ్మో వస్తే చాలు, పని మానుకుని రావద్దు.

మీటింగయ్యాక ఓపిక ఉన్నవాళ్ళు రెండు గంటలు ఆగండి. పైన చెప్పిన ఒంటిగది బడుల అలవాటును మనమూ ఒకసారి చేసి చూద్దాం. వెనక గదుల్లో కిటికీల చెక్కలు వాన నీటికి ఉబ్బి మూసుకోవడం లేదు, వడ్రంగి పని వచ్చినవాళ్ళుంటే ముందుగా ఆఫీసులో పేరు చెప్పండి. మరుగుదొడ్ల వైపు గోడకు సున్నం వేయాలి. పారలు, చీపుర్లు మా దగ్గర ఉన్నాయి. మధ్యాహ్నం పులిహోర, మజ్జిగ ఇక్కడే.

ఆరు, ఏడు తరగతులకు ఇంకా రాని పుస్తకాల బదులు పోయినేటి పిల్లల పాత పుస్తకాలు ఇచ్చాం. మొహం చిట్లించుకోకండి, వాటికి అట్టలు మేమే వేశాం, కొత్తవాటికన్నా గట్టిగా ఉంటాయి.

యూనిఫాం కొత్తది కుట్టించలేకపోతే జూలై నెలాఖరుదాకా పాతదే వేయండి, ఎవరినీ వెనక్కి పంపం. పొట్టయిపోయిన యూనిఫాంలు ఉంటే ఉతికి ఆఫీసులో ఇవ్వండి, చిన్నపిల్లలకు సరిపోతాయి. మరీ చిరిగినవైతే అవీ పారేయకండి, మా అత్తమ్మకు బొంత లోపలి పొరలకు పనికొస్తాయి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు
జూన్ 20, 2025