లైను మొత్తం పూర్తయ్యేదాకా ఆగొద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

పల్నాడు వైపు నుంచి మా కనిగిరి మీదుగా కొత్తగా వేస్తున్న నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గం గురించి పేపర్లో అప్పుడప్పుడూ ఒక చిన్న వార్త వస్తుంటుంది. ఫలానా వాగు మీద వంతెన అయింది, ఫలానా మండలంలో భూసేకరణ ఆగింది, బడ్జెట్లో ఇంత ఇచ్చారు అని. ఆ రోజు మా దుకాణం ముందు కూర్చున్న రైతులు దాని గురించే మాట్లాడుకుంటారు. ఇంక వచ్చేసినట్టే అంటారు ఒకరు. మన మనవళ్లు ఎక్కుతార్లే అంటారు ఇంకొకరు.

మా మామగారు కనిగిరిలో మొదలుపెట్టిన ఎరువులు, విత్తనాల దుకాణాన్ని ఇప్పుడు నేను నడుపుతున్నాను. రైలు కావాలని మావైపు అందరూ అడుగుతున్నదే. నేను అడిగేది ఇంకాస్త వివరంగా. 309 కిలోమీటర్లూ పూర్తయ్యేదాకా ఆగకుండా, పట్టాలు పడినంత మేర ప్రయాణికుల బండ్లు నడపండి. దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు లాంటి ఊళ్లలో స్టేషనుతో పాటే గూడ్స్ షెడ్డు కూడా కట్టండి.

గూడ్స్ షెడ్డు సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. స్టేషన్ అంటే ప్లాట్‌ఫాం, టికెట్ కౌంటర్, ఊరి పేరు రాసిన పసుపు బోర్డు. ఫోటో దిగడానికి బాగుంటుంది. సరుకు దించే షెడ్డు, లారీలు తిరిగే జాగా, రైలు పక్కకు నిలిపే లైను ఎవరి కంటికీ ఆనవు. కానీ మాలాంటి ఊళ్ల బతుకు మారేది అక్కడే.

యూరియా దేశంలో ఎక్కడ తయారైనా, ఏ రేవులో దిగినా, జిల్లాకు వచ్చేది రైలు మీదే. ఒక రేక్, అంటే ఒక పూర్తి గూడ్స్ బండి, వచ్చిందంటే రెండు వేల టన్నులు దాటుతుంది. 45 కిలోల బస్తాల లెక్కన నలభై నాలుగు వేల బస్తాలకు పైమాటే. మెయిన్ లైను మీద రేక్ పాయింటులో అదంతా దించి, లారీలకెత్తి, ఎనభై తొంభై కిలోమీటర్లు లోపలికి తేవాలి. రేక్ దగ్గర ఒక హమాలీ ఖర్చు, మా ఊళ్లో ఇంకో హమాలీ ఖర్చు. కొక్కేలు తగిలి చిరిగిన బస్తాలు, వానకు తడిసి గడ్డకట్టిన బస్తాలు వేరే. బస్తా ధర మాత్రం ప్రభుత్వం కట్టేసింది, 266 రూపాయల 50 పైసలు. అంతకు మించి ఒక్క రూపాయి తీసుకోకూడదు, తీసుకోవాలని నేను కోరుకోను కూడా. కానీ దూరం పెరిగే కొద్దీ లారీ బాడుగ పెరుగుతుంది. అందుకని మారుమూల మండలాల్లో డీలర్లు యూరియా దించుకోవడానికే వెనకాడతారు. వాన పడిన మర్నాడు హనుమంతునిపాడు నుంచి, వెలిగండ్ల నుంచి రైతులు మోటార్ సైకిళ్ల మీద వచ్చి మా షాపు ముందు లైనులో నిలబడతారు. పదును ఉన్నప్పుడే వెయ్యాలి కదా. రేక్ రెండు రోజులు ఆలస్యమైతే ఆ టెన్షన్ నేను చూస్తాను, ఆ మాటలూ నేనే పడతాను. పొదిలిలోనో కనిగిరిలోనో ఒక రేక్ దిగే ఏర్పాటుంటే ఈ కష్టంలో సగం ఉండదు.

ఇది వచ్చే సరుకు సంగతి. మా దగ్గర నుంచి వెళ్లే సరుకు ఇంకా ఎక్కువ. పొదిలిలో, కనిగిరిలో పొగాకు వేలం కేంద్రాలున్నాయి. దర్శి వైపు సాగర్ కాలువ కింద వరి, మిర్చి పండుతాయి. మావైపంతా మెట్ట, కంది, సజ్జ. వీటన్నిటికంటే బరువైనవి సుబాబుల్, జామాయిల్ కర్రలు. నీళ్లు లేని పొలాల్లో వేరే దారి లేక జనం వేసుకున్నవి. కాగితపు మిల్లులు ఎక్కడో గోదావరి ఒడ్డున ఉంటాయి, కర్ర లారీల మీద అంత దూరం పోవాలి. చేను దగ్గర టన్నుకు ధర చెప్పేటప్పుడే కొట్టుడు కూలి, లారీ బాడుగ తీసేసి చెబుతారు. నాలుగేళ్లు కర్ర పెంచిన రైతుకు చేతికొచ్చేది ఏమిటో మా దగ్గర అప్పు తీర్చేటప్పుడు తెలుస్తుంది. ఒక గూడ్స్ బండి లాగే బరువుకు లారీలు వందకు పైగా కావాలి. చీమకుర్తి గ్రానైటు దిమ్మెలు రేవులకు పోయే రోడ్ల వెంట నివసించేవాళ్లను అడిగితే, లారీలు తగ్గడమంటే ఏమిటో వాళ్లే చెబుతారు.

పామూరు, పెదచెర్లోపల్లి మండలాల్లో నిమ్జ్ (జాతీయ పెట్టుబడులు, తయారీ మండలం) పేరుతో వేల ఎకరాల పారిశ్రామిక వాడ వస్తుందని పదేళ్ల పైనుంచి వింటున్నాం. దివాకరపల్లిలో బయోగ్యాస్ ప్లాంటుకు 2025 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది, సంతోషం. కానీ పెద్ద ఫ్యాక్టరీ పెట్టాలనుకునేవాడు ముందు అడిగేది నీళ్లు, కరెంటు, రైల్వే సైడింగు, అంటే ఫ్యాక్టరీ సరుకు ఎక్కించే పక్క లైను. మూడోదానికి జవాబు లేనంత కాలం మా కుర్రాళ్లు పని వెతుక్కుంటూ హైదరాబాదు, బెంగళూరు పోతూనే ఉంటారు.

పోయినవాళ్లు పండక్కి తిరిగి రావాలి కదా. సంక్రాంతి ముందు వారం ప్రైవేటు బస్సు టికెట్ ధర ఎంత పలుకుతుందో హైదరాబాదులో తాపీ పని చేసే మావైపు వాళ్లందరికీ తెలుసు. నిరుడు మా ఇంటి పక్కవాళ్లు నలుగురూ రాను పోను బస్సు ఖర్చు లెక్కేసుకుని, పిల్లలకు బట్టలు కొనడం మానేశారు. కొందరు అసలు రావడమే మానేస్తున్నారు. ఊళ్లో ముసలివాళ్లు ఫోనులో మనవళ్లను చూసుకుని పండగ అయిందనిపిస్తారు.

రైల్వే వాళ్లకు నేను గుర్తు చేయదలచింది ఇక్కడే ఉంది. పిడుగురాళ్ల–శావల్యాపురం ముక్క ఎప్పుడో పూర్తయింది. శావల్యాపురం నుంచి గుండ్లకమ్మ దాకా పాత గుంటూరు–గుంతకల్లు లైను ఉంది, దాని డబ్లింగు కూడా చాలావరకు అయింది. గుండ్లకమ్మ నుంచి దర్శికి కొత్త పట్టాలు వచ్చాయి. అంటే దర్శిలో బయలుదేరిన బండి వినుకొండ, పిడుగురాళ్ల, నడికుడి, మిర్యాలగూడ, నల్లగొండ మీదుగా సికింద్రాబాదు చేరడానికి దారి ఇవాళే సిద్ధంగా ఉంది. మిగతా లైను ఎప్పుడు అవుతుందో చూసి అప్పుడు ఆలోచిద్దాం అనడానికి కారణం లేదు. దర్శి నుంచి రాత్రికి సికింద్రాబాదుకు ఒక బండి, పొద్దున గుంటూరు, విజయవాడలకు ఒక మెమూ (దగ్గర ఊళ్ల మధ్య తిరిగే కరెంటు రైలు) వెయ్యండి. కనిగిరి, పొదిలి జనం గంట గంటన్నర బస్సులో దర్శి వెళ్లి అక్కడ ఎక్కుతారు. పట్టాలు పొదిలికి చేరితే బండిని పొదిలికి పొడిగించండి, తర్వాత మా ఊరికి.

వేళలు మాత్రం జనాన్ని అడిగి పెట్టండి. గుంటూరు పెద్దాసుపత్రిలో ఓపీ చీటీలు ఇచ్చే వేళకు అక్కడ దిగాలి, సాయంత్రం పని ముగించుకుని తిరుగు బండి అందుకోవాలి. మధ్యాహ్నం రెండింటికి దింపే రైలు పేషెంటుకు ఎందుకూ పనికిరాదు. వేళకాని వేళ నడిపి, జనం ఎక్కడం లేదని రద్దు చేసిన బండ్లు దేశంలో చాలా ఉన్నాయి.

పేషెంట్ల మాట ఊరికే అనలేదు. మా పడమటి మండలాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు వంగిపోయినవాళ్లు, కిడ్నీలు పాడైనవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. మా అత్తగారికి కిడ్నీ జబ్బు వచ్చినప్పుడు వేలూరు తీసుకుపోయాం. ఇంటి దగ్గర నుంచి ఒంగోలుకు బస్సు, అక్కడ స్టేషన్లో అర్ధరాత్రి దాకా పడిగాపులు, ఆ తర్వాత రైలు. ఆమె కూర్చోలేదు, పడుకోవడానికి బెంచీ దొరకలేదు. ఈ లైను శ్రీకాళహస్తి చేరితే కనిగిరిలో ఎక్కి తిరుపతి, కాట్పాడి వైపు నేరుగా పోవచ్చు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికి పోయేవాళ్లకూ, కొండకు పోయేవాళ్లకూ అదే బండి.

మా అవసరం పక్కన పెట్టినా ఈ లైను రాష్ట్రానికీ దేశానికీ అవసరమే. విజయవాడ–చెన్నై మెయిన్ లైను సముద్రాన్ని ఒరుసుకుంటూ పోతుంది. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోతే ఎన్ని రైళ్లు రద్దయ్యాయో, ఎన్నిటిని దారి మళ్లించారో అందరం చూశాం. తుపాను వచ్చిన ప్రతిసారీ ఆ భయం ఉన్నదే. తీరానికి దూరంగా లోపలి నుంచి ఇంకో దారి ఉండాలన్నది ఈ ప్రాజెక్టు ఉద్దేశాల్లో ఒకటి.

2011–12లో మంజూరైనప్పుడు అంచనా 2,289 కోట్లు. సగం ఖర్చు, భూమి రాష్ట్రానివి, మిగతా సగం కేంద్రానిది అని ఒప్పందం. పద్నాలుగేళ్లలో రెండు చోట్లా ప్రభుత్వాలు మారాయి. నిధులు రాలేదని రాష్ట్రం వాళ్లు, భూమి ఇవ్వలేదని కేంద్రం వాళ్లు చెప్పుకుంటూ వచ్చారు. ఎవరి తప్పు ఎంతో తేల్చే ఓపిక నాకు లేదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. కృష్ణపట్నం రేవు కోసం ఓబులవారిపల్లె నుంచి లైను వేసినప్పుడు వెలికొండను తొలిచి ఆరున్నర కిలోమీటర్ల పైన సొరంగం తవ్వారు. నాలుగేళ్లు తిరక్కుండానే ఆ పని అయింది. 2019 నుంచి ఆ దారిన బండ్లు నడుస్తున్నాయి. గట్టిగా అనుకుంటే మన రైల్వేకు చేతకానిది లేదు. 2025–26 బడ్జెట్లో ఆంధ్రప్రదేశ్ రైల్వే పనులకు 9,417 కోట్లు కేటాయించామని మంత్రిగారు గొప్పగా చెప్పారు. అందులో మా లైనుకు ఏ ముక్కకు ఎంత, ఏ నెలకు ఎంత పని అని కూడా చెబితే బాగుండేది.

పామూరు, వరికుంటపాడు, వింజమూరు, ఆత్మకూరు, రాపూరు వైపు భూములిచ్చే రైతులకు పరిహారం ఒకేసారి, పని మొదలుకాక ముందే చేతికివ్వాలి. సర్వే రాళ్లు పాతి ఏళ్ల తరబడి వదిలేస్తే ఆ పొలం అమ్ముకోలేరు, బ్యాంకులో అప్పు పుట్టదు. అలాంటి రైతు రైలుకు అడ్డు పడ్డాడని నింద వేయడం అన్యాయం.

మీ పత్రికకు ఒక విన్నపం. ఎవరో శంకుస్థాపన చేసినప్పుడో, ఎంపీగారు తనిఖీకి వచ్చినప్పుడో కాకుండా, ప్రతి మూడు నెలలకు ఒకసారి ఈ లైను పట్టిక వెయ్యండి. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎన్ని కిలోమీటర్ల పట్టాలు పడ్డాయి, ఎంత భూమి రావాలి, ఏ స్టేషన్లో గూడ్స్ షెడ్డు ప్లానులో ఉంది, ఎక్కడ లేదు. దాన్ని కత్తిరించి మా షాపు గోడకు అంటించి, వచ్చిన ప్రతి రైతుకూ చూపిస్తాను.

ఇట్లు,
ఎరువుల దుకాణదారు,
కనిగిరి