డెల్ఫ్ట్ నుంచి డెన్ హాగ్‌కి రైల్లో

చి. బుజ్జికి, నాన్న ఆశీస్సులు.

శనివారం డెన్ హాగ్ (మనం ది హేగ్ అంటామే, అదే) వెళ్తానన్నావు. డెల్ఫ్ట్ నుంచి అక్కడ మొదట వచ్చే స్టేషన్‌కి ఇంటర్‌సిటీలో, అంటే పెద్ద స్టేషన్లలోనే ఆగే బండిలో, ఏడెనిమిది నిమిషాల దారి. దగ్గరే కదా అని తేలిగ్గా తీసుకోకు తల్లీ. దూరప్రయాణంలో పొరపాటు జరిగితే సర్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. ఇక్కడ సీటు చూసుకుని కూర్చునేలోపే దిగాల్సిన చోటు వచ్చేస్తుంది. ఏ స్టేషన్‌లో దిగాలి, ఏ బండి ఎక్కాలి, గేటు దగ్గర ఏ కార్డు ఆనించాలి, ఈ మూడూ ప్లాట్‌ఫారం మీదికి వెళ్లకముందే తేల్చుకో.

ముందు స్టేషన్ సంగతి. డెన్ హాగ్‌లో పెద్ద స్టేషన్లు రెండున్నాయి. ఒకటి డెన్ హాగ్ సెంట్రాల్, ఇంకొకటి హోలాండ్స్ స్పోర్. రెండోదాన్ని బోర్డుల మీద హెచ్.ఎస్. అని కుదించి రాస్తారు. సెంట్రాల్‌లో పట్టాలు అక్కడితో ఆగిపోతాయి, దాటి ముందుకు పోయే దారి లేదు. అందుకే డెల్ఫ్ట్ నుంచి లైడెన్ మీదుగా ఆమ్‌స్టర్‌డామ్ వైపు పోయే ఇంటర్‌సిటీలు హెచ్.ఎస్.లో మాత్రమే ఆగి వెళ్లిపోతాయి. 'డెన్ హాగ్' అన్న మాట వినబడగానే దిగిపోయి, మ్యూజియం ఎక్కడా అని వెతుక్కునేవాళ్లు ఎక్కువమంది ఈ స్టేషన్లోనే కనిపిస్తారు. పార్లమెంటు భవనాలున్న బిన్నెన్‌హాఫ్‌కీ, మౌరిట్స్‌హౌస్ మ్యూజియానికీ నడిచి పోవాలంటే సెంట్రాల్ దగ్గర. బోర్డు మీద చివరి స్టేషన్‌గా డెన్ హాగ్ సెంట్రాల్ అని ఉన్న బండి ఎక్కితే మారే పనే ఉండదు. పొరపాటున హెచ్.ఎస్.లో దిగినా కంగారు పడకు. సెంట్రాల్‌కి వెళ్లే తర్వాతి బండి ఎక్కితే నాలుగైదు నిమిషాలు. అలా మారేటప్పుడు గేటు దాటి బయటికి పోవద్దు, కార్డు ఆనించొద్దు. ఒకే కంపెనీ బండ్ల మధ్య మారినంతసేపూ అది ఒకే ప్రయాణం కింద లెక్క.

బండ్లు రెండు రకాలు. స్ప్రింటర్ అయితే దారిలో రైస్వైక్, మూర్‌వైక్ స్టేషన్లలో కూడా ఆగుతుంది, ఇంకో నాలుగైదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఇంత చిన్న దూరానికి ఇంటర్‌సిటీ కోసం కాచుకుని కూర్చోవడం దండగ. ముందు ఏది వస్తే అది ఎక్కు, టికెట్ ధర రెండింటికీ ఒకటే. తలుపు పక్కన పెద్దగా 1 అని అంకె ఉంటే అది ఫస్ట్ క్లాసు. ఖాళీగా ఉంది కదా అని అందులో కూర్చుంటే, ఏడు నిమిషాల కోసమైనా జరిమానా తప్పదు. నిల్చునైనా సరే 2 అంకె ఉన్న పెట్టెలోనే వెళ్లు. ఇంటర్‌సిటీలో కిటికీ అద్దం మీద 'స్టిల్టె' అని రాసి ఉంటే అక్కడ ఫోన్ మాట్లాడకూడదు, పక్కవాళ్లతో గట్టిగా కబుర్లూ చెప్పకూడదు.

ఇక కార్డు. డబ్బులు పోయేదంతా ఇక్కడే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

2023 నుంచి నెదర్లాండ్స్ అంతటా బస్సు, ట్రామ్, రైలు అన్నింట్లోనూ మామూలు బ్యాంకు కార్డు ఆనించి ప్రయాణం చేయొచ్చు. టికెట్ విడిగా కొనక్కర్లేదు. ఎక్కే ముందు ఒకసారి, దిగాక ఒకసారి ఆనిస్తే మధ్య దూరానికి ఛార్జీ దానంతటదే పడుతుంది. నువ్వు ఇక్కణ్ణుంచి పట్టుకెళ్లిన కార్డే వాడేట్టయితే ఒక సంగతి గుర్తుపెట్టుకో. రిజర్వు బ్యాంకు 2020లో పెట్టిన నిబంధన వల్ల మన కార్డుల్లో విదేశీ వాడకం, ఆనించి చెల్లించే సౌకర్యం ముందుగా తెరిచి ఉండవు. బ్యాంకు యాప్‌లో రెండూ విడివిడిగా తెరవాలి. ఒకటి తెరిచి రెండోది మరిచిపోతే గేటు దగ్గర ఎర్రదీపం వెలుగుతుంది, వెనక జనం ఆగిపోతారు. రాత్రే చూసి పెట్టుకో.

ఆనించే కార్డు రెండు చోట్లా ఒకటే కావాలి. పోయేటప్పుడు ప్లాస్టిక్ కార్డు, దిగాక అదే కార్డు ఉన్న ఫోన్ ఆనిస్తే కుదరదు. బ్యాంకు ఖాతా ఒకటే అయినా ఫోన్‌లో దాని నంబరు వేరు. అప్పుడు దిగిన చోట రెండో ప్రయాణం మొదలైనట్టు నమోదవుతుంది, మొదటిది ముగియకుండా మిగిలిపోతుంది. ముగియని ప్రయాణానికి రైల్లో 20 యూరోలు పట్టేస్తారు. పర్సులోంచి తీయకుండా మొత్తంగా ఆనించినా ఇదే గొడవ, ఏ కార్డు చదివిందో తెలియదు. ఒక్క కార్డే చేతిలోకి తీసుకో.

మన హైదరాబాద్ మెట్రోలో గేటు తెరవనిదే బయటపడలేవు కాబట్టి మరిచిపోవడమనేది ఉండదు. అక్కడ డెల్ఫ్ట్‌లో, డెన్ హాగ్ పెద్ద స్టేషన్లలో గేట్లున్నా, చాలా చిన్న స్టేషన్లలో గేటు ఉండదు, కార్డు ఆనించే స్తంభం ఒక్కటే ఉంటుంది. నేరుగా రోడ్డు మీదికి నడిచిపోవచ్చు. ఒక బీప్ వస్తే ప్రయాణం మొదలైనట్టు, రెండు బీప్‌లు వస్తే ముగిసినట్టు. తెర మీద ఏం రాసిందో ఒక్క క్షణం చదివి కదులు. ఒకవేళ మరిచిపోతే ఆ 20 యూరోలు వదులుకోకు. మిస్సయిన చెక్-అవుట్ కోసం వెబ్‌సైటు ఉంది, అందులో ఎక్కడ దిగావో చెబితే అసలు ఛార్జీ పోను మిగిలింది వెనక్కి ఇస్తారు. ఎక్కకుండానే మనసు మార్చుకుంటే, గంటలోపు అదే స్టేషన్‌లో మళ్లీ ఆనించి బయటికి వచ్చెయ్.

బ్యాంకు కార్డుతో పూర్తి ఛార్జీ పడుతుంది. నెలనెలా చందా కట్టే 'డాల్ వోర్‌డేల్' అనే పథకంలో, పనిరోజుల్లో ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర మినహా మిగతా వేళల్లోనూ శని ఆదివారాల్లోనూ 40 శాతం తగ్గుతుంది. లెక్కలోకి వచ్చేది రైలు బయల్దేరే టైము కాదు, నువ్వు కార్డు ఆనించిన టైము. డెన్ హాగ్ దాకా ఎప్పుడో ఒకసారి పోయి రావడానికైతే ఆ చందా గిట్టదు. ఆమ్‌స్టర్‌డామ్, ఉట్రెక్ట్ తరచూ తిరిగేలా ఉంటేనే తీసుకో. డచ్ స్నేహితులకున్న ఉచిత ప్రయాణం అక్కడి ప్రభుత్వ విద్యార్థి సాయంతో ముడిపడింది. చదువు వీసా మీద వెళ్లిన మన పిల్లలకు సాధారణంగా అది రాదు.

శనివారం అంటున్నావు గనక ఇంకో మాట. పట్టాల మరమ్మతులు ఎక్కువగా వారాంతాల్లోనే పెడతారు. అప్పుడు కొంత దూరం బస్సు వేస్తారు, ఏడు నిమిషాల దారి ముప్పావు గంట కావచ్చు. శుక్రవారం రాత్రి ఒకసారి, బయల్దేరే ముందు మరోసారి రైల్వే యాప్ చూడు. ప్లాట్‌ఫారం నంబరు చివరి నిమిషంలో మారడం కూడా మామూలే. డెల్ఫ్ట్ స్టేషన్ 2015 నుంచి భూగర్భంలో ఉంది. పై హాల్లో కార్డు ఆనించి కిందికి దిగాలి, అందుకని ఐదు నిమిషాలు ముందే చేరుకో. పై హాలు కప్పు మీద డెల్ఫ్ట్ పాత పటం నీలంగా పరిచి ఉంటుంది, తల ఎత్తి చూడు. చాలా బాగుంటుంది.

ఎప్పుడైనా డెన్ హాగ్‌లోని మన రాయబార కార్యాలయంలో పని పడితే రైలు కన్నా ట్రామ్ మేలు. డెల్ఫ్ట్ స్టేషన్ బయట ఆగే 1వ నంబరు ట్రామ్ శాంతి సౌధం (అంతర్జాతీయ న్యాయస్థానం ఉన్న పీస్ ప్యాలెస్) మీదుగా స్కెవెనింగెన్ సముద్రతీరం దాకా పోతుంది. కార్యాలయం శాంతి సౌధానికి దగ్గర్లోనే. రైలు కన్నా ఆలస్యం, కానీ మారే బెడద లేదు. పాస్‌పోర్టు పనైతే మాత్రం అపాయింట్‌మెంటు కాగితం మీద ఏ చిరునామా ఉందో చూసుకునే బయల్దేరు.

తిరిగొచ్చేటప్పుడు బండి చివరి స్టేషన్ రాటర్‌డామ్ అనో డోర్డ్‌రెక్ట్ అనో, ఇంకేదో ఊరి పేరో ఉండొచ్చు. దాని కింద మధ్య స్టేషన్లలో డెల్ఫ్ట్ పేరు కనబడాలి. నీ గది యూనివర్సిటీ వైపు గనక డెల్ఫ్ట్ కాంపస్‌లో దిగుదామనుకుంటావేమో, అక్కడ స్ప్రింటర్లే ఆగుతాయి. ఇంటర్‌సిటీ ఎక్కితే డెల్ఫ్ట్‌లోనే దిగెయ్.

గది చేరాక మెసేజ్ పెట్టు. అమ్మ ఫోన్ పట్టుకునే కూర్చుంటుంది.

ప్రేమతో,
నాన్న