సాహిత్య విభాగం వార్షిక నివేదిక: మేరీ ఆలివర్‌తో ఒక ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

క్లీవ్‌లాండ్ చుట్టుపక్కల ఉంటున్న మనం ఈ ఏడాదంతా ఒకే కవయిత్రిని చదివాం. మేరీ ఆలివర్ 1935 సెప్టెంబర్ 10న పుట్టింది మన పక్కనే ఉన్న మేపుల్ హైట్స్‌లో. ఆ ఊరి మీదుగా రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చే మనలో చాలామందికి ఆ సంగతి తెలియనే తెలియదు.

మొదటి రెండు సమావేశాలూ ఆవిడ జీవితం గురించే జరిగాయి. ఇంట్లో సుఖమెరగని పిల్ల. చిన్నతనంలో తనపై జరిగిన లైంగిక దాడి గురించి ముసలితనంలో గానీ బయటకు చెప్పలేదు. బడి ఎగ్గొట్టి, సంచిలో అమెరికన్ కవి విట్మన్ కవితలు వేసుకుని అడవిలోకి పోయేది. పుల్లలతో, గడ్డితో గుడిసెలు కట్టుకునేది. పదిహేడేళ్లప్పుడు అప్పటికే చనిపోయిన కవయిత్రి ఎడ్నా మిలే ఇంటికి వెళ్లి, తర్వాత మిలే చెల్లెలికి అక్క కాగితాలు సర్దడంలో సాయపడింది. జీవిత సహచరి మాలీ మలోన్ కుక్ పరిచయమైంది ఆ ఇంట్లోనే. 2005లో కుక్ చనిపోయేదాకా నలభై ఏళ్లకు పైగా ఇద్దరూ కలిసే ఉన్నారు, చాలాకాలం మసాచుసెట్స్‌లో కేప్ కాడ్ అనే ద్వీపకల్పం కొసనున్న ప్రావిన్స్‌టౌన్‌లో.

అక్కడి చెరువుల చుట్టూ పొద్దున్నే నడవడం, నడుస్తూ రాసుకోవడం. ఒకసారి పెన్సిల్ లేక ఇబ్బంది పడి, ఆ తర్వాత అడవిలో చెట్లకు పెన్సిళ్లు దాచిపెట్టుకుందట. నాకు ఆవిడ మీద గురి కుదిరింది ఈ ఒక్క విషయంతోనే. 1984లో పులిట్జర్, 1992లో నేషనల్ బుక్ అవార్డ్ వచ్చాయి. డిగ్రీ పూర్తి చేయకపోయినా 2001 వరకు బెన్నింగ్టన్ కాలేజీలో పాఠాలు చెప్పింది.

అక్టోబర్ సమావేశానికి మాట్లాడుకున్న హాల్ ఆఖరి నిమిషంలో రద్దయి కాస్త టెన్షన్ పడ్డాం. ఒక సభ్యురాలు తమ బేస్‌మెంట్ ఇచ్చి ఆదుకున్నారు. ఏడాదిలో బాగా జరిగిన సమావేశం అదే. ఆ రోజు 'వైల్డ్ గీస్' కవితను తెలుగు చేయాలని కూర్చున్నాం. పక్షుల పేరు దగ్గరే గంట గడిచింది. 'హంసలు' అంటే వినసొంపుగా ఉంటుందని కొందరన్నారు. కానీ హంస అనగానే మనకు నలదమయంతుల రాయబారం, పాలూ నీళ్లూ గుర్తుకొస్తాయి. ఆవిడ చూసింది ఆకాశంలో అరుచుకుంటూ ఇంటిదారి పట్టిన మామూలు పక్షుల్ని, మన అపార్ట్‌మెంట్ల గడ్డి మీద తిరిగేవాటి లాంటివాటిని. చివరికి 'అడవి బాతులు' అని ఖాయం చేశాం. పశ్చాత్తాపంతో మోకాళ్ల మీద ఎడారి దాటక్కర్లేదని ఆ కవిత మొదట్లోనే చెబుతుంది. ఆ మాట వినగానే తిరుమల మోకాళ్ల పర్వతం ఎక్కిన ఒక పెద్దాయన, "మరి నా మొక్కు మాటేమిటమ్మా?" అని అడిగారు. ఎవరి దగ్గరా చప్పున జవాబు లేదు. ఆ ప్రశ్నను మినిట్స్‌లో ఉన్నదున్నట్టు రాశాం.

అంతకుముందు ఆగస్టులో కయహోగా వ్యాలీ పార్కులో నడక పెట్టుకున్నాం. 1990 నాటి 'ద సమ్మర్ డే' కవితలో ఒక మిడత ఆవిడ అరచేతిలో పంచదార తింటుంది. దాని దవడలు పైకీ కిందికీ కాకుండా అటూ ఇటూ కదులుతాయని రాసింది. దారి పక్కన అలాంటి మిడతే గడ్డిపోచ కొరుకుతూ కనిపించింది. ఎనిమిదేళ్ల పాప దాని ముందు గొంతుక్కూర్చుని, "అడ్డంగా నములుతోంది!" అని అరిచింది. పెద్దవాళ్లందరం వంగి చూశాం. నిజమే, కత్తెరలాగా పక్కలనుంచి కలుస్తున్నాయి. కవిత చాలాసార్లు చదివిన నేను మిడత నోరు చూడటం అదే మొదటిసారి.

జమాఖర్చుల వివరాలు కోశాధికారి వేరుగా పంపుతున్నారు. హక్కులు తీసుకోలేదు కాబట్టి మన అనువాదాల్ని అచ్చు వేయడం లేదు, మన మధ్య చదువుకోవడానికే. మేరీ ఆలివర్ 2019 జనవరి 17న ఫ్లోరిడాలో కన్నుమూసింది. వచ్చే జనవరి 17 సాయంత్రం అందరి అనువాదాలూ చదువుతాం. మీవి వారం ముందే పంపండి, 'అడవి బాతులు' ఒప్పుకోనివాళ్లు 'హంసలు' అని రాసి పంపినా సరే.

కార్యదర్శి, సాహిత్య విభాగం