అరకు వెళ్తే ఒక రాత్రి ఉండి రండి

సంపాదకుల వారికి,

నమస్కారం. చలికాలం మొదలైందంటే పత్రికల జిల్లా పేజీల్లో అరకు యాత్ర గురించిన వ్యాసాలు వరుసగా వస్తాయి. ఉదయం విశాఖపట్నంలో రైలెక్కి, అరకు చూసుకుని, కారులో బొర్రా గుహల మీదుగా కొండ దిగి, రాత్రి భోజనాల వేళకు ఇల్లు చేరవచ్చన్నది వాటి సారాంశం. నేను శృంగవరపుకోట ప్రాంతంలో ఉపాధ్యాయురాలిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నదాన్ని. ఆ బండిలో లెక్కలేనన్నిసార్లు ప్రయాణించాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఒక్క రోజు ఆ ప్రయాణానికి చాలదు. కనీసం ఒక రాత్రి కొండపైన ఉండమని మీరు పాఠకులకు చెప్పాలని నా కోరిక.

ముందుగా వేళల సంగతి చూడండి. ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వెళ్లే బండి ఉదయం ఏడింటిలోపే విశాఖలో బయలుదేరి సుమారు నాలుగు గంటల్లో అరకు చేరుతుంది. అటునుంచి వచ్చే బండి మధ్యాహ్నం భోజనాలయ్యేసరికే అరకులో ఉంటుంది. అంటే రైల్లోనే వెళ్లి రైల్లోనే రాదలచిన వారికి, అంతా సవ్యంగా సాగినా, అక్కడ మిగిలేది మూడు నాలుగు గంటలు. బండి ఆలస్యమైతే అదీ ఉండదు. ఆలస్యం ఈ మార్గంలో అరుదైన విషయం కాదు, దానికి కారణం లైను పుట్టుకలోనే ఉంది. కిరండూల్ దగ్గరి బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడం కోసం 1960వ దశకంలో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఈ దారి వేశారు. నేటికీ ఖనిజం గూడ్సులదే ఇక్కడ పెద్ద రద్దీ. రెండు మూడు ఇంజన్లు తగిలించుకుని అవి దిగుతుంటే మన బండి ఏదో చిన్న స్టేషన్లో లూప్ లైనులో, అంటే పక్క పట్టాలపై, ఆగి దారి ఇవ్వాల్సి వస్తుంది. రెండో లైను పనులు సాగుతున్నాయి కాబట్టి మున్ముందు కొంత మేలు జరగవచ్చు.

గత డిసెంబరులో హైదరాబాదు నుంచి మా చెల్లెలి కుటుంబం వచ్చినప్పుడు ఒక ట్రావెల్స్ వారి ఒక్క రోజు ప్యాకేజీలో వెళ్లాం. క్రాసింగుల వల్ల బండి గంటకు పైగా ఆలస్యమైంది. అరకు స్టేషను బయట నిలబడ్డ డ్రైవరు మొదటి మాటగా, "అమ్మా, మీకు టైము లేదు, త్వరగా ఎక్కండి" అన్నాడు. పద్మాపురం ఉద్యానవనంలో ఇరవై నిమిషాలు ఇచ్చాడు. గిరిజన మ్యూజియం బయటి నుంచే చూపించాడు. బొర్రా చేరేసరికి టిక్కెట్ల కౌంటరు మూసేశారు. ఆ తర్వాత చీకట్లో ఘాట్ రోడ్డు మలుపులు తిరుగుతుంటే చెల్లెలి మనవరాలు దారి పొడవునా వాంతులు చేసుకుంది. పాపం ఆ పిల్ల పొద్దున రైల్లో ఎంత హుషారుగా ఉందో! చిన్న నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని, సొరంగం వచ్చినప్పుడల్లా ఒక గీత గీస్తూ, చీకట్లో గీసిన గీతలు ఒకదానిమీద ఒకటి పడ్డాయని వెలుగులోకి రాగానే మళ్లీ లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. తిరుగు ప్రయాణం కూడా రైల్లోనే చేయించి ఉంటే ఆ లెక్క సరిచూసుకునేది.

అందువల్ల నేను సూచించేది ఇది. వెళ్లేటప్పుడు అరకు దాకా పోకుండా బొర్రా గుహలు స్టేషన్లోనే దిగిపోవాలి. అప్పటికి ఎండ ఇంకా ముదరదు, కార్ల రద్దీ కూడా మొదలవదు. గోస్తనీ నది పుట్టిన ఆ గుహల్లో నింపాదిగా తిరగవచ్చు. మెట్లు ఎక్కువ కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దలు పైనే ఆగి చూడటం మంచిది. అక్కడి నుంచి జీపులో అరకు వెళ్తే, రైల్లో కనబడని గాలికొండ, సుంకరమెట్ట కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు పగటి వెలుతురులోనే కనిపిస్తాయి. రాత్రి అరకులో ఉండాలి. మర్నాడు తెల్లవారుజామున లేచి బయటికి వస్తే పొగమంచు నేలమీద పరచుకుని ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ అది విడిపోయి, వలిసె అనే నూనెగింజల చేలు పసుపు రంగులో ఒక్కొక్క మడిగా బయటపడతాయి. నవంబరు, డిసెంబరు నెలల్లో ఈ ఒక్క దృశ్యం కోసమే రాత్రి ఉండవచ్చని నా అభిప్రాయం. మధ్యాహ్నం బండెక్కి విశాఖ దాకా రైల్లోనే దిగితే, వెళ్లేటప్పుడు వదిలేసిన బొర్రా, అరకుల నడుమ దారి కూడా చూసినట్టవుతుంది. ఆ భాగంలోనే శిమిలిగుడ స్టేషను ఉంది. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న ఈ చిన్న స్టేషను, కశ్మీరు లోయలో రైళ్లు నడిచేదాకా, దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలో ఎత్తైనదిగా పేరు పొందింది.

పెట్టె ఎంపిక గురించి కూడా ఒక మాట. 2017 ఏప్రిల్లో ప్రవేశపెట్టిన విస్టాడోమ్ పెట్టెలో పైకప్పుకు అద్దాలు, ఎటు కావాలంటే అటు తిరిగే కుర్చీలు ఉన్నాయి. నడవలేని పెద్దలకు, పసిపిల్లల తల్లులకు అది నిజంగా సుఖం. రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి, సెలవు రోజుల్లో వెళ్లదలచినవారు ఆ తేదీ గుర్తుంచుకోవాలి. అయితే టిక్కెట్టు దొరకలేదని యాత్ర మానుకోనక్కరలేదు. నన్నడిగితే మామూలు పెట్టెలో తెరిచిన కిటికీ పక్కన కూర్చోవడమే మేలు. శృంగవరపుకోట దాటి బొడ్డవర, శివలింగపురం వచ్చేసరికి బండి వేగం తగ్గి ఎక్కడం మొదలుపెడుతుంది. త్యాడ, చిమిడిపల్లి మధ్య సొరంగంలోకి వెళ్లగానే రాతి చల్లదనం ముఖానికి తగులుతుంది, బయటికి రాగానే తడి ఆకుల వాసన వస్తుంది. వంపు తిరిగే చోట మన ఇంజనే ఎదురుగా కొండ అంచున పోతూ కనబడుతుంది. ఏసీ పెట్టెలో కళ్లకు తప్ప మరి దేనికీ ఇవి అందవు. పైగా మామూలు పెట్టెలో అల్లం, రాజ్మా మూటలతో ఎక్కే కొండ ఊళ్ల ఆడవాళ్లు పక్కన కూర్చుంటారు. వారికి అది రోజువారీ బండి. వారి సీట్లు ఆక్రమించకుండా, అడగకుండా ఫొటోలు తీయకుండా మసలుకోవడం యాత్రికుల బాధ్యత. తిన్న ప్లేట్లు, సీసాలు కిటికీలోంచి లోయలోకి విసిరేసే వారిని చూస్తే నాకు ఇప్పటికీ దుఃఖం వస్తుంది.

మెట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్ల దూరం ఎక్కడానికి పళ్లచక్రం బండికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. అక్కడికి వెళ్లే మనవాళ్లెవరూ ఆ నిదానాన్ని తప్పుపట్టరు, ఆ బండి కోసమే రెండు మూడు రోజులు కేటాయించుకుంటారు. మన కొండ మీదికి వెళ్లే బండి విషయంలో మాత్రం గడియారం చూసుకుంటూ కూర్చుంటున్నాం.

వర్షాకాలంలో వెళ్లదలచిన వారికి ఒక హెచ్చరిక అవసరం. జలపాతాలు నిండుగా ఉండే ఆ రోజుల్లోనే బండరాళ్లు జారి పట్టాలపై పడి బండ్లు ఆగిపోతుంటాయి, కొన్నిసార్లు రద్దవుతాయి. తిరిగి వచ్చిన మర్నాడే పరీక్షో, విదేశీ ప్రయాణమో ఉన్నవారు అప్పుడు వెళ్లకపోవడం మంచిది.

రద్దయిన బండ్ల వివరాలు చాలాసార్లు ప్రయాణికులకు స్టేషనుకు వచ్చాకే తెలుస్తున్నాయి. రైల్వే వారు ముందురోజు ఇచ్చే ప్రకటనలను మీరు జిల్లా పేజీలో తప్పక కనబడే చోట వేయవలసిందిగా కోరుతున్నాను. అలాగే ఈ సీజనులో అరకు గురించి మళ్లీ రాసేటప్పుడు తిరుగు బండి వేళను, బొర్రాలో దిగి అరకులో ఎక్కే రెండు రోజుల ఏర్పాటును కూడా ప్రచురించవలసిందిగా మనవి.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయురాలు,
విజయనగరం